చామంతి మళ్ళలో సుడోకు

పూర్తిగా నింపిన సుడోకు సరైనదా కాదా అని కంప్యూటర్ చేత చెప్పించడం మా వృత్తిలో చిన్నపిల్లల లెక్క. కాలేజీలో రాశాను, ఉద్యోగం ఇంటర్వ్యూలో రాశాను, ఆ తర్వాత రాసే పని పడలేదు. మళ్ళీ దాన్ని బాగలూరు దగ్గర మా చిన్నమ్మ చేని గట్టు మీద, ఎదురుగా ట్రాక్టరు కాచుకుని ఉండగా, చెమటపట్టిన వేళ్ళతో రాయాల్సి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే పగలబడి నవ్వేదాన్ని.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ఆమె భర్త హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతాడు కాబట్టి సేద్యం మొత్తం ఆమెదే. ఆ ఏడు ఒక విత్తనాల కంపెనీ కొత్త చామంతి రకాలను పరీక్షించడానికి చేను కావాలని తిరుగుతుంటే, టమేటా పెట్టాల్సిన చోటు వాళ్ళకు ఇవ్వడానికి ఆమె ఒప్పుకుంది. పక్క చేను ఆమె బావగారిది, అంటే భర్త అన్నది. "కంపెనీ యవ్వారాలు మాకే అర్థం కావు, నీకేం అర్థమైతాయమ్మా?" అని ఆయన నలుగురిలో అన్నాడు. చిన్నమ్మ అప్పటికి ఊరుకుంది. ఆమె ఊరుకుంటే మరిచిపోయినట్టు కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ పరీక్ష పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. తొమ్మిది రకాలు, రకానికొక నంబరు. చేనును తొమ్మిది అడ్డ వరుసలుగా, తొమ్మిది నిలువు వరుసలుగా చిన్న చిన్న మళ్ళు చేశారు. చేనులో ఒక పక్క తేమ ఎక్కువ, ఒక పక్క గాలి ఎక్కువ, ఒక మూల మట్టి మంచిది. ఏ రకానికీ అదృష్టం కలిసి రాకూడదు, ఏ రకానికీ అన్యాయం జరగకూడదు. అందుకని ప్రతి అడ్డ వరుసలో, ప్రతి నిలువు వరుసలో, మూడు మూళ్ళ తొమ్మిది మళ్ళు కలిసిన ప్రతి గడిలో ఒక్కో రకం ఒక్కసారే రావాలి. కంపెనీ ఇచ్చిన కాగితం చూడగానే, "ఇది సుడోకు కదా చిన్నమ్మా!" అన్నాను.

"అదేందో నాకెందుకు పాపా. ఏ నారు యాడ నాటల్లో ఇందులో ఉంది కదా, అది చాలు," అని ఆమె ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రం చేసుకుంది. నాట్లు పడిన రోజు నేను లేను. కూలి మనుషులు నాటుతుంటే ఆమె దగ్గరుండి పుల్లలకు బిగించిన బిళ్ళలు గుచ్చిందట. చామంతి నారు అంతా ఒకటే పచ్చన. పూసేదాకా ఏది ఏ రకమో నాటినవాళ్ళు కూడా చెప్పలేరు. మడికొక నంబరు బిళ్ళ, అదొక్కటే గుర్తు.

నారు నిలదొక్కుకుని చిగురు వేసిన రోజుల్లో ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది. నేను హోసూరులో ఇంటి నుంచే పని చేస్తాను. అప్పుడే కంప్యూటర్ తెరిచాను.

"పాపా, కంపెనీవాళ్ళు ట్రాక్టరు తెచ్చినారు. తోట దున్నేస్తారంట. నువ్వు రా."

అంతే అని పెట్టేసింది. నా చిన్నప్పటి నుంచి ఆమె ఎవరినీ 'రా' అని పిలిచి సాయం అడగడం నేను చూడలేదు.  ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని స్కూటీ ఎక్కాను. బాగలూరు రోడ్డులో లారీల వెనక ఇరుక్కున్నప్పుడల్లా హారన్ కొట్టి కొట్టి, ఒక డ్రైవరు చేత తిట్లు కూడా తిన్నాను.

నేను పోయేసరికి గట్టు మీద చిన్నపాటి సంత ఉంది. మట్టి తిరగేసే రోటవేటరు తగిలించిన ట్రాక్టరు చేని మొదట్లోనే నిలబడి ఉంది. బావగారు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. పక్క చేనులో పూలు కోసే ఆడవాళ్ళు కోత ఆపి చూస్తున్నారు. వాళ్ళందరి మధ్యా కంపెనీ ఆఫీసరు, చేతిలో ట్యాబ్‌తో. కృష్ణగిరి వైపు తమిళం మాట్లాడే కుర్రవాడు. తెలుగు బాగానే వచ్చు, కోపం వస్తే మాత్రం తమిళంలోకి దిగిపోతాడు.

"ఎల్లామే తప్పు మేడం, అన్నీ తప్పే!" అన్నాడు నన్ను చూడగానే. ఆయన తెల్లారి వచ్చి ప్లానుతో ఒక్కో మడినీ సరిచూశాడట. నడిమి నిలువు వరుస ఒక్కటే సరిపోయింది. మిగతా ఎనిమిది వరుసల్లో ఒక్క మడి కూడా ప్లాను ప్రకారం లేదు. "చూడకుండా కలిపేసినారు. చేతకాకపోతే ఎందుకు ఒప్పుకోవాలి? మా టైమంతా వేస్టు!"

ఆ మాట ఆయన పూలు కోసేవాళ్ళకు కూడా వినబడేంత గొంతుతో అన్నాడు. బావగారు తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికేనని నాకు అనుమానం.

ఇంకా బయటికి రాని రకాలు కాబట్టి, పరీక్ష రద్దయిన చేనులో వాటిని ఉంచకూడదన్నది కంపెనీ నియమం. అందుకే ట్రాక్టరు. కొత్త నారు అత్తిముగంలో వేరే రైతుకు ఇస్తారట. చిన్నమ్మకు ఈ పంటా ఉండదు, ఇక ముందు ఏ కంపెనీ ఆమె గడప తొక్కదు. వీటన్నిటికంటే పెద్దది, 'కాగితం చూసి నాటడం కూడా రాలేదు' అన్న పేరు ఊళ్ళో నిలిచిపోతుంది.

చిన్నమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "నేను కాగితం చూసే నాటించినాను. ఒక్క మడి తప్పలేదు."

ఆయన ట్యాబ్ అంతా ఎర్ర గుర్తులే. ఈమె ఒక్క మడి తప్పలేదంటుంది. రెండూ నిజం కావడం ఎలా? ఆమెను కొంచెం పక్కకు తీసుకెళ్ళి, "నిజం చెప్పు చిన్నమ్మా, నాట్ల తొందరలో కొన్నైనా కలిసిపోయినాయా?" అని అడిగాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, తల తిప్పుకుని ట్రాక్టరు వైపు చూస్తూ నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. వెళ్ళి ఆఫీసరును అడిగాను. "మీకు కావలసింది ప్లానా, పరీక్షా? ప్లాను ప్రకారం లేకపోయినా, ప్రతి వరుసలో, ప్రతి గడిలో ఒక్కో రకం ఒక్కోసారే ఉంటే మీ పరీక్షకు పనికొస్తుందా రాదా?"

ఆయన కాస్త తడబడ్డాడు. "అట్ల ఉంటే పనికొస్తుంది మేడం. పేపరు మార్చుకుంటే సరి. కానీ కలిపేసిన చేను అట్ల ఎట్ల ఉంటుంది?"

"ఉందో లేదో చూద్దాం. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా ఆగండి."

డ్రైవరుకు టీ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మీది అంగడి వైపు నడిచాడు. నాకు దొరికిన సమయం అంతే.

గట్టు మీద గోనెపట్ట పరుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. నంబర్లు చిన్నమ్మ చదువుతుందంటే ఆఫీసరు ఒప్పుకోలేదు. "నేనే చదువుతాను" అని, కాగితంలో ఎడమ చేతి పైమూల ఎక్కడుందో చేనులో ఆ మూలకు, అంటే వాయవ్యానికి పోయి మొదలుపెట్టాడు. ఆయన బిళ్ళ చూసి అరవడం, నేను కొట్టడం. చిన్నమ్మ ఆయన వెనకాలే, నారు తొక్కుతాడేమోనని కనిపెట్టుకుంటూ నడిచింది.

నంబర్లు ఎక్కించాక ప్రోగ్రాం రాశాను. పని తేలికే. ప్రతి అడ్డ వరుసకు ఒక ఖాళీ గంప, ప్రతి నిలువు వరుసకు ఒకటి, ప్రతి గడికి ఒకటి పెట్టుకున్నాననుకోండి. ఒక్కో నంబరు తీసుకుని దాని మూడు గంపల్లోనూ వేయాలి. వేయబోయే నంబరు గంపలో అప్పటికే ఉంటే అక్కడే తప్పు. కొందరు తెలివిమీరి తొమ్మిదింటినీ కూడి నలభై అయిదు వస్తే చాలనుకుంటారు. తొమ్మిది అయిదులు కూడినా నలభై అయిదే కదా. ఇంటర్వ్యూకు వచ్చి అలా రాసిన వాళ్ళను నేనే వెనక్కి పంపాను. ఆ ఉదయం నాకు అడ్డదారులు అక్కర్లేదు. ఒక్క అనుమానం కూడా మిగలకూడదు.

ప్రోగ్రాం నడిపాను. తప్పు అని వచ్చింది.

 తెర నా వైపే ఉంది, ఎవరికీ కనబడదు. కానీ చిన్నమ్మ తెర చూడలేదు, నన్ను చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"ఏమొచ్చింది?" అన్నాడు ఆఫీసరు.

"ఉండండి" అని, తప్పు ఎక్కడో చెప్పమని రెండు లైన్లు చేర్చి మళ్ళీ నడిపాను. నాలుగో అడ్డ వరుసలో ఆరు రెండుసార్లు ఉంది. మూడో మడిలో ఒకటి, ఎనిమిదో మడిలో ఒకటి. ఎనిమిదో నిలువు వరుసలో కూడా ఆరు రెండుసార్లు. ఆ గడిలోనూ అంతే. తప్పులన్నీ ఒకే మడిని చూపిస్తున్నాయి. ఆ వరుసలో తొమ్మిది అసలు లేదు. మిగతా చేనంతా సరిగ్గా ఉంది!  "ఒక్క మడే సార్. అక్కడ ఆరు కాదు, తొమ్మిది ఉండాలి."

"అంటే ఏంది మేడం? పాస్ అయ్యేదాకా మీరు నంబరు మారుస్తారా?"

ఆయన అన్నది న్యాయమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. అందరం ఆ మడి దగ్గరికి పోయాం. మిగతా మళ్ళలో బిళ్ళలు నిటారుగా ఉన్నాయి. ఇక్కడ మాత్రం పుల్ల విరిగి, బిళ్ళ మట్టిని ఆనుకుని, బురద అంటుకుని ఉంది. మీద ఆరు స్పష్టంగానే కనబడుతోంది.

"ఆపొద్దు వానకు విరిగి పడిపోయింటే, నేనే మళ్ళీ గుచ్చినాను," అంది చిన్నమ్మ.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఆఫీసరు వెంటనే అందుకున్నాడు. "పార్తీంగళా? చూసినారా? బిళ్ళలు కూడా ఈమే మార్చినారు!"

"బిళ్ళలు కూడా మార్చేసిందా!" అన్నాడు గట్టు మీద నుంచి బావగారు, పూలు కోసేవాళ్ళ వైపు తిరిగి. అప్పుడే డ్రైవరు కూడా టీ తాగి వచ్చి ట్రాక్టరు మెట్టు మీద కాలు పెట్టాడు.

నేను కిందికి వంగి పక్క మళ్ళలోని బిళ్ళలు చూశాను. తొమ్మిది ఉన్న బిళ్ళ ఒకటి దొరికింది. అంకె కింద సన్నటి గీత. ఆరు ఉన్న బిళ్ళ వెతికాను. దాని కిందా అంతే, గీత. ఏది ఆరో ఏది తొమ్మిదో తెలియడానికి కంపెనీవాళ్ళే కొట్టిన గీత అది. విరిగిన పుల్లను తల్లకిందులుగా గుచ్చి ఉంటే, బురద కింద ఆ గీత అంకెకు పైన ఉండాలి. లేకపోతే... లేకపోతే అంతే సంగతి.

"కడిగి చూద్దాం" అని చెయ్యి చాచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు పాపా, నేనూ ముట్టను. నువ్వే కడుగప్పా. మేము ముడితే మళ్ళా మార్చినామంటావు," అంది ఆఫీసరుతో.

ఆఫీసరు తన నీళ్ళ సీసా మూత తీశాడు. బిళ్ళ మీద నీళ్ళు పోస్తూ బొటనవేలితో రుద్దాడు. బురద జారింది. అంకె కింద ఏమీ లేదు. ఇంకాస్త పోసి పైభాగం రుద్దాడు.  గీత పైన ఉంది.

ఆయన బిళ్ళను ఊడబెరికి తిప్పి పట్టుకున్నాడు. తొమ్మిది. 

నేను పరుగున పోయి ఆ ఒక్క నంబరు సరిచేసి ప్రోగ్రాం నడిపాను. ఇరవై ఏడు గంపల్లో ఒక్కదాంట్లో కూడా ఏ నంబరూ రెండుసార్లు పడలేదు. సరి అని వచ్చింది. ఈసారి తెర తిప్పి ఆయనకే చూపించాను.

"కలిపేసిన చేను ఇట్ల ఉంటుందా సార్?"

ఆయన తల గోక్కున్నాడు. "అది సరే మేడం. కానీ ప్లాను ప్రకారం ఎందుకు లేదు? అది తెలియకుండా మా ఆఫీసులో ఏం చెప్పేది?"

అదే నాకూ తెలియలేదు. ఆయన ట్యాబ్ అడిగి తీసుకుని చూశాను. అటు నాలుగు వరుసలు ఎరుపు, ఇటు నాలుగు వరుసలు ఎరుపు, నడుమ ఒక్క వరుస పచ్చ. చూస్తున్నకొద్దీ ఆ ఎరుపు మీద నాకు అనుమానం పెరిగింది. చూడకుండా నాటి ఉంటే గుడ్డి లెక్కన అక్కడొకటి ఇక్కడొకటి ఐనా సరిపోయి ఉండాలి. ఒక్కటి కూడా సరిపోకుండా నాటాలంటే దానికీ ఒక పద్ధతి కావాలి.

"చిన్నమ్మా, కాగితంలో మొదటి నంబరు నారు చేనులో యాడ నాటించినావు?"

నోటితో అన్నం తింటావా అని అడిగినట్టు చూసింది నన్ను. "ఈశాన్యంలో. ఇంకేడ మొదలుపెడతారు?"

"ఈశాన్యంలోనే కదా మొదలుపెట్టేది," అన్నాడు బావగారు కూడా, తాను ఎవరి పక్షం మాట్లాడుతున్నాడో మరిచిపోయి.

మా వైపు విత్తనమైనా నారైనా, మొదటి చెయ్యి పడేది ఈశాన్య మూలలోనే. కాగితంలో మొదటి నంబరు ఏ మూలకుంటే ఏమి, చేనులో మొదటి మడి అంటే ఆమెకు అదే. అక్కడి నుంచి పడమరకు నడుస్తూ, కాగితాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ, ఒక్క నంబరు పొల్లుపోకుండా నాటించుకుంటూ పోయింది. ఆఫీసరు వాయవ్యం నుంచి సరిచూశాడు. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది, నడిమి వరుస మాత్రం ఉన్నచోటే ఉంది. అలా తిప్పినా ప్రతి వరుసలో, ప్రతి గడిలో ఒక్కో రకం ఒక్కోసారే వస్తుంది కాబట్టి నా ప్రోగ్రాం తప్పు పట్టలేదు.

చిన్నమ్మ దగ్గరున్న కాగితం అడిగి తీసుకున్నాను. ఉత్తరం వైపు తిరిగి నిలబడి, కాగితాన్ని తిరగేసి, అచ్చులేని వైపు మా వైపుకు వచ్చేలా వెలుతురుకు ఎత్తి పట్టాను. అంకెలు ఎదురు తిరిగి కనబడ్డాయి. "ఇప్పుడు చూడండి సార్."

ఆయన కాగితం చూశాడు, మడి చూశాడు. మళ్ళీ కాగితం, మళ్ళీ మడి. వేలితో చూపించుకుంటూ మొదటి వరుస చివరిదాకా పోయాడు. తర్వాత నాలుగో వరుసలో ఆ తొమ్మిది దగ్గరికి పోయి, అక్కడ కూడా చూసుకున్నాడు. ఫోన్ తీసి దూరంగా పోయి వాళ్ళ ఆఫీసుతో తమిళంలో మాట్లాడాడు. ఆ మాటలు సాగినంత సేపూ డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. చివరికి ఆఫీసరు చెయ్యి ఊపాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగి రోడ్డెక్కింది.  గోనెపట్ట మీద కూలబడ్డాను.

ఆఫీసరు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "సరే మేడం, ప్రాబ్లం లేదు. పేపరు మార్చుకుంటాం," అన్నాడు. పూలు కోసేవాళ్ళు కోతకు పోయారు. బావగారు కూడా తన చేని వైపు నాలుగడుగులు వేశాడు. అంతా సద్దుమణిగిందని నేనూ అనుకున్నాను.

ఆఫీసరు బండి దగ్గరికి పోతుంటే చిన్నమ్మ ఎదురుగా పోయి నిలబడింది.

"ఏమైందో నాకు చెప్పకుండా పోతావేమప్పా?"

"సారీ అమ్మా. మీరు కరెక్టుగానే నాటినారు," అన్నాడు, ఎదుటి మనిషికి మాత్రమే వినబడేంత గొంతుతో.

"సారీ నాకెందుకు? పొద్దున కలిపేసినారు, చేతకాదు అని ఎంత గొంతుతో అంటివి? ఆడ పూలు కోసేవాళ్ళు విన్నారు. మా బావ విన్నాడు. ఇప్పుడు కూడా అంత గొంతుతోనే చెప్పి పో."

ఆయన మొహం ఎర్రబడింది. ఏదైనా చెప్పి తప్పించమన్నట్టు నా వైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ మూసి సంచీ జిప్పు వేసుకుంటూ కూర్చున్నాను.

ఆయన పక్క చేని వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఈమె కరెక్టుగా నాటినారు," అన్నాడు. చాలదని ఆయనకే తెలిసినట్టుంది. ఈసారి నిజంగానే అరిచాడు. "కరెక్టుగా నాటినారు! నేనే తప్పు చూసినాను!"

పూలు కోసే చేతులు ఆగాయి. బావగారు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు నడిచాడు. చిన్నమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. "పోయిరాప్పా. పూలు పూసినప్పుడు రా."

బండి చప్పుడు రోడ్డు మీద కలిసిపోయాక, నేను లేచి సంచీ భుజాన వేసుకున్నాను. చాలా గొప్ప పని చేసినదానిలా ఆమె దగ్గరికి పోయాను. ఆమె నన్ను మెచ్చుకుంటుందని లోలోపల ఎదురుచూస్తున్నాను కూడా.

"నువ్వు చెప్పవా?" అంది.

"నేనేం చెప్పల్ల?"

"పొద్దున నువ్వూ ఒక తూరి అడిగినావు కదా, కలిసిపోయినాయా అని."

 ఆమె కోపంగా లేదు. ఎగతాళి చేయడం లేదు. ట్రాక్టరు ముందు నిలబడినప్పుడు ఎలా ఉందో అలాగే నిలబడి, నేను చెప్పేదాకా కదలనన్నట్టు చూస్తోంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఉదయం ఆమెకు ఆఫీసరు మాట తగిలిన చోటు వేరు, నా మాట తగిలిన చోటు వేరు.

గట్టు ఎక్కాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. పూలు కోసేవాళ్ళ వైపు తిరిగి, గొంతంతా పెట్టి అరిచాను.

"మా చిన్నమ్మ ఒక్క మడి తప్పలేదు!"

వాళ్ళలో ఒకామె నవ్వి చెయ్యి ఊపింది. వెనక్కి తిరిగి చూసేసరికి చిన్నమ్మ అక్కడ లేదు. నారుకు నీళ్ళు వదలడానికి మోటారు వేయబోతోంది.